మనిషినంత రాయకు బిడ్డా

మా అమ్మాయి కొత్త నోటుబుక్కుకు అట్ట వేస్తుంటే గోధుమరంగు కాగితం వాసన, జిగురు వాసన కలిసి వంటింటి దాకా వచ్చాయి. వెళ్లి చూస్తే మొదటి పేజీలో అప్పుడే శీర్షిక రాసేసింది: 'సముద్రతీరం'. బళ్లో వర్ణనా వ్యాసం రాసుకు రమ్మన్నారట. నాకు నవ్వాగలేదు. మా ఊరు బోథ్‌లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు నేను పెట్టిన శీర్షికా అదే. దాన్ని అనసూయ టీచర్‌కు చూపించిన రోజు గుర్తుకొచ్చింది.

అనసూయ టీచర్ మాకు తెలుగు చెప్పేవారు. రోజూ ఆదిలాబాద్ నుంచి బస్సులో వచ్చేవారు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం మూడు గదుల అవతలికి వినిపించేది. బెత్తం పట్టుకోగా నేనెన్నడూ చూడలేదు. ఆమె అడిగే ప్రశ్నల కన్నా బెత్తమే నయమని మేము గుసగుసలాడుకునేవాళ్లం. గైడులోంచి దించిన వ్యాసం కనబడితే ఆమెకు ఒళ్లు మండిపోయేది.

"సముద్రం చూసినవా బిడ్డా?" అని అడిగారు నా పేజీ మీద వేలు పెట్టి.

"చూడలే టీచర్. మా బాపు చూసిండు. దుబాయిల ఉంటడు."

"అయితే గీ వ్యాసం మీ బాపు రాయాలె గద!"

తరగతంతా నవ్వింది. నాకు తిక్కరేగింది. మరునాడు 'మా బాపు' అని శీర్షిక పెట్టి పేజీన్నర రాసుకుపోయాను. తెల్ల అంగీ, నల్ల కళ్లద్దాలు, చేతికి గడియారం, పెదవులపై చిరునవ్వు. చివర 'తండ్రి దైవంతో సమానం' అని కూడా తగిలించాను. టీచర్ రెండుసార్లు చదివి, "గిది ఫోటో బిడ్డా. మనిషేడి?" అన్నారు.

నిజమే. అది మా గోడకు వేలాడే ఫోటోనే. ఆ మాట ముల్లులా దిగింది. "రెండేండ్లకోసారి వస్తడు టీచర్. నాకేం ఎరుక ఆయన ఎట్లుంటడో!" అని అందరి ముందూ ఏడ్చేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె ఓదార్చనూ లేదు, నా పక్కన బెంచీ మీద కూర్చుని మళ్లీ ఎప్పుడొస్తాడని అడిగారు. వచ్చే నెల అన్నాను.

"గప్పుడే రాయి. గాని మనిషినంత రాయకు బిడ్డా. మనిషంత ఒక్కపారి కండ్లకు ఆనడు." బొటనవేలు, చిటికెనవేలు బాగా చాపి నా పుస్తకం మీద జానెడు కొలిచి చూపించారు. "గింత జాగ పట్టుకో. అండ్ల ఏమున్నదో మొత్తం చూడు."

బాపు నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. నాకు ఆయన దగ్గర సిగ్గు, ఆయనకు నా దగ్గర మొహమాటం. "మంచిగ సదువుతున్నవా?" అనేవాడు, నేను తలూపేదాన్ని, అంతటితో మా ముచ్చట అయిపోయేది. మూడు వారాలు అట్లాగే గడిచాయి. ఈసారీ వెళ్లిపోతాడు, నాకు మళ్లీ గోడ మీది ఫోటోనే మిగులుతుందని భయం పట్టుకుంది. అప్పుడు నా జానెడు వెతుక్కున్నాను. ఆయన పళ్లెం.

వరుసగా నాలుగు రోజులు ఎదురుగా కూర్చుని చూశాను. బాపు తల ఎత్తకుండా, ఎవరో తరుముతున్నట్టు తినేవాడు. ఎడమ చేయి పళ్లెం అంచు చుట్టూ అడ్డంగా ఉండేది. మా అమ్మ, మేము అవ్వ అంటాం, ఇంకో జొన్నరొట్టె వేయబోతే ముందు మా పళ్లేల వైపు చూసి, ఆ తర్వాతే వేయించుకునేవాడు. చూసింది చూసినట్టు రాశాను. ముగింపులో మళ్లీ ఆ దైవం వాక్యమే పెట్టాను. టీచర్ దాన్నొక్కదాన్నే కొట్టేశారు. "గిది నువ్వు చూసింది గాదు" అన్నారు. "మీ బాపుకు సదివి వినిపియ్యి" అన్నారు.

వినిపించాను. బాపు తన ఎడమ చేతిని కొత్తగా చూసుకున్నాడు.

"గట్ల తింటున్ననా?" అన్నాడు. "రూముల పన్నెండు మందిమి బిడ్డా. జర ఆలస్యమైతే గిన్నెల ఏం మిగలది. అలవాటైపోయింది."

రొట్టెలు చేస్తున్న అవ్వ చేయి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆమెకూ ఆ సంగతి చెప్పలేదట. ఆ సాయంత్రం బాపు మిగతా పదకొండు మంది పేర్లూ చెప్పాడు, ఎవరు ఏ ఊరివాళ్లో చెప్పాడు. మిగిలిన రోజులు మేము మాట్లాడుకుంటూనే ఉన్నాం. తిరిగి వెళ్లాక ఫోనులో క్షేమసమాచారాలతో ఆపేవాడు కాదు. ఏసీ డబ్బా కింద కారే నీళ్లు తాగడానికి రోజూ ఒక పిల్లి వస్తుందనీ, దానికి ఒక చెవి లేదనీ చెప్పేవాడు.

బాపు ఇప్పుడు బోథ్‌లోనే ఉంటున్నాడు. అనసూయ టీచర్ పోయారని తెలిసి ఆయనకు చెప్పాను. ఆమెను ఆయన ఎన్నడూ కలవలేదు. అయినా, "గా టీచర్ లేకుంటే నేనెవలో నీకు ఎరుకే కాకపోవు బిడ్డా" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పటికీ ఎవరి గురించైనా 'వాళ్లు నాకు బాగా తెలుసు' అనబోయి, ఏం చూశానని నన్ను నేనే అడుగుతాను. ఇది రాయడానికి కూర్చున్నప్పుడూ అడిగాను. పొద్దున్నే ఆదిలాబాద్‌లో బస్సెక్కి వచ్చే ఆ మనిషి మధ్యాహ్నం డబ్బాలో ఏం తెచ్చుకునేవారో, ఎక్కడ కూర్చుని తినేవారో, పక్కన ఎవరైనా ఉండేవారో లేదో నాకు తెలియదు. రెండేళ్లు ఆమె ఎదురుగానే కూర్చున్నాను. ఒక్కనాడూ చూడలేదు.