ఆంబ్రోస్ గారి ఐదు టోపీలు

ఇంగ్లండులోని బ్యూడ్లీ ఊళ్లో ఆదివారం అందరూ తలకో టోపీ పెట్టుకుంటే, గుర్రపు జీన్లు కుట్టే ఆంబ్రోస్ పెటిఫర్ ఒక్కడే ఒకదాని మీద ఒకటి ఐదు పెట్టుకునేవాడు. రాణీగారి చట్టం అలాంటిది మరి. దొరలూ దొరసానులూ తప్ప అందరూ ఆదివారం ఉన్ని టోపీ పెట్టుకుని తీరాలి. లేదా మూడు షిల్లింగుల నాలుగు పెన్నీల జరిమానా!

“ఒకటి చాలు కదా, ఆంబ్రోస్ గారూ!” అనేది టోపీలల్లే థామసిన్. మొగుడు పోయాక ఆ అల్లికే ఆమెకు ఆధారం.

“రెండోది వద్దని చట్టం అందా? రాణీగారంటే నాకు ఐదు రెట్లు భక్తమ్మా!”

సోమవారం తెల్లారేసరికి ఆయన ఆమె గుమ్మంలో తయారు.

“రెండు టోపీలు కావాలి. నిన్న గాలికి పోయాయి.”

“నిన్న ఆకైనా కదల్లేదు కదయ్యా!”

“నా తల ఎత్తులో ఉంది. అక్కడి గాలి వేరు.”

ఆయన నిలబడితే ఆమె భుజం దాకా వస్తాడు. థామసిన్ పొట్ట పట్టుకుని నవ్వేది.

ఒక శనివారం పడవవాడొకడు బతిమాలితే తన టోపీయే తీసి అమ్మేసింది. సాయంత్రానికి ఇంకోటి అల్లుకోవచ్చనుకుంది. సగంలో నూలు అయిపోయింది. ఊరందరికీ టోపీలల్లే మనిషికి టోపీ లేదు! చర్చికి పోకపోతే అదో జరిమానా, పోతే ఇదో జరిమానా. కట్టకపోతే రాట్నం పట్టుకుపోతారు. ఇక తినేదేమిటి?

చర్చి గేటు దగ్గర కాన్‌స్టేబుల్ క్రంప్ ఒక్కో తలా చూసి పంపుతున్నాడు. వరసలో థామసిన్ ముందువాళ్ల వెనక నక్కింది. ముందున్న తలలు చూస్తే అన్నీ తన అల్లికే. గడ్డి కోసే ముసలాయనా, చాకలి మార్జరీ, కుంటి జాబ్... వీళ్లెవరూ తన దగ్గర కొననేలేదే!

అంతలో వెనక నుంచి ఏదో వెచ్చగా తల మీద పడింది. తిరిగి చూస్తే మునివేళ్ల మీద నిలబడి ఆంబ్రోస్. బోడిగుండు తళతళా మెరుస్తోంది.

“అయ్యో! ఇది మీ ఆఖరిది కదండీ!”

“నోర్మూసుకుని నడువమ్మా.”

ఆమె గేటు దాటింది. క్రంప్ నోరు తెరిచాడు. “ఆంబ్రోస్! నీ టోపీలేవీ?”

“గాలికి పోయాయి.”

“ఏ గాలయ్యా?”

“ఏళ్ల తరబడి వారానికి ఐదేసి పెట్టుకున్నాను. ఒక్కరోజు లేకపోతే రాణీగారికి జలుబు చేస్తుందా?”

క్రంప్ పడీపడీ నవ్వాడు, జరిమానా మాత్రం వదల్లేదు. ఆంబ్రోస్ అక్కడికక్కడే కట్టేశాడు.

మరుసటి ఆదివారం పొద్దున్నే ఆయన తలుపు చప్పుడైంది. థామసిన్. చేతిలో ఐదు కొత్త టోపీలు.

“ఎంతమ్మా?”

“డబ్బులెందుకండీ? గాలికి మా గుమ్మంలోకి కొట్టుకొచ్చాయి” అంది నవ్వు ఆపుకుంటూ.