నీళ్లు ఊరేదాకా

నర్సమ్మ పోయిందని నాకు ఎవరూ చెప్పలేదు. అచ్చుకు వచ్చిన కాగితంలో చదువుకున్నాను. పోయిన మంగళవారం పొద్దున ప్రెస్సు తలుపులు తీసి టైపు గళ్ల మీద దుమ్ము దులుపుతుంటే, ఆసుపత్రి నుంచి ఒక మనిషి సైకిలు మీద వచ్చాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం బల్ల మీద ఉంచి, "నూరు కావల్లంటన్నా, మధ్యాహ్నానికి. సాయంత్రం పూడ్సేది" అని చెప్పి వెళ్లిపోయాడు. కాగితంలో ఉన్న పేరు నాకు తెలియదు. పదకొండేళ్లలో ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఊరికంతటికీ ఆమె నర్సమ్మే, నాకూ నర్సమ్మే. కింద, 'ముప్పై ఏళ్లు ఈ ఆసుపత్రిలో నర్సుగా ఉండి' అన్న వరుస దగ్గరికి వచ్చేసరికి సంగతి అర్థమైంది. కాగితం బల్ల మీద పెట్టేసి వీధి చివరిదాకా నడిచి వచ్చాను. మళ్లీ పోయాను. మళ్లీ వచ్చాను.

"నువ్వొద్దులేప్పా, ఇంకొకరితో కూర్పిస్తా" అన్నాడు మా ఓనరు. నేనే కూర్చాను. ఒక్కొక్క అక్షరం గడిలోంచి ఏరి వరుసగా పేర్చే పని నాది. చెయ్యి వణికితే ఆ పని లేదు. ఆ పూట వణకలేదు. వణకకపోవడానికి కారణం ఆమేనని ఆ కాగితంలో లేదు. రాసినవాళ్లకు తెలియదు కూడా. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది మొదలుపెట్టి ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. కుదురుగా కూర్చోవడం నాకు ఎప్పుడూ రాదు, తాగుడు ఆపాక అసలే రాలేదు.

నేను తాగుబోతును. 'ఒకప్పుడు తాగేవాణ్ణి' అని మారిస్తే మర్యాదగా ఉంటుందని ఓనరు సలహా ఇచ్చాడు. నర్సమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు. "మానేసినోణ్ణని చెప్పుకోవద్దప్పా. ఈ పొద్దు తాగలేదని చెప్పు, సాలు" అనేది.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన రోజులు. మద్యనిషేధం అమల్లో ఉంది. నిషేధం ఉత్తర్వుల్లో ఉండేది, సారాయి కొండవార ఉండేది. లారీ ట్యూబుల్లో నింపుకొని ఊళ్లోకి తెచ్చేవాళ్లు. నోట్లో పోసుకుంటే ముందు రబ్బరు వాసన, తర్వాత మంట. దీపాలు పెట్టేవేళకు మొదలుపెట్టిన వాణ్ణి, మధ్యాహ్నానికి వచ్చాను, చివరికి పళ్లు తోమకముందే. ఒక షావుకారు ఇంటి పెళ్లిపత్రికలు నేను కూర్చవలసి ఉంటే, ముహూర్తం దాటిన మర్నాడు తయారయ్యాయి. ఆ వారంలోనే చెయ్యి వణికి మొత్తం టైపు పెట్టెను నేల మీద బోర్లించాను. వేల అక్షరాలు. వాటిని ఏరి మళ్లీ గళ్లలో వేయడానికి ముగ్గురికి నాలుగు రోజులు పట్టింది. ఓనరు నన్ను బయటికి పంపాడు. నా భార్య నన్ను జట్కాలో వేసుకొని ఊరి బయట ఉన్న ఆ చిన్న మిషను ఆసుపత్రికి తెచ్చింది.

అప్పటి డాక్టరు నన్ను చూసి, "ఇది జబ్బు కాదు, కొవ్వు. కాన్పులకే మంచాలు చాలడం లేదు, తీసుకుపోండి" అన్నాడు. ఆయన వెనకాల నిలబడిన నర్సమ్మ, "మంచం వద్దులే సార్, వరండా సాలు" అంది. అంతకుమించి వాదించలేదు. వెళ్లి చాప తెచ్చి పరిచింది.

ఆ వరండాలో తొమ్మిది రోజులు పడి ఉన్నాను. రెండో రోజు గోడంతా చీమలు కనబడ్డాయి. చీమలేవీ లేవని నా భార్య ఏడ్చింది, లేవని వార్డుబాయి నవ్వాడు. నర్సమ్మ గోడ వైపు చూసి, "నాకైతే కనపళ్లేదప్పా. నీకు కనపడ్తాండాయి. రెండు దినాలుంటాయి, పోతాయి. కరవవులే" అంది. నన్ను పిచ్చివాడని అననిది ఆమె ఒక్కతే. మూడో రోజు మూర్ఛ వచ్చిందట. నన్ను పక్కకు తిప్పి, తల కింద తన చెయ్యి పెట్టి కూర్చుందట. నాకు గుర్తులేదు. మెలకువ వచ్చేసరికి ఆమె రొమ్ము మీద తలకిందులుగా గుచ్చుకున్న గడియారం నా కళ్ల ముందు ఊగుతోంది. తర్వాత సూదులు, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు, రాగి అంబలి. పదో రోజుకు లేచి నిలబడి, "నయమైంది నర్సమ్మా, పోతా" అన్నాను.

"ఒంట్లో ఉండేది పోయింది. పొద్దు మునిగే యాళకు వచ్చేది పోలేదు" అంది ఆమె. "రేపట్నుంచి ఆ యాళకు ఈడుండల్ల నువ్వు. నీళ్లు చేదేకి మనిషి లేడు."

ఆసుపత్రి వెనక బావి ఉంది. మన సీమలో బావి ఎలా ఉంటుందో చదివేవాళ్లలో చాలామందికి తెలుసు. పది బొక్కెనలు చేదితే అడుగు రాయి తగులుతుంది. అప్పుడు చేంతాడు గిలకకు చుట్టేసి, ఊట నిండేదాకా ఆగాలి. మంచి ఏడైతే పావుగంట, చెడ్డ ఏడైతే ముప్పావుగంట. మళ్లీ పది బొక్కెనలు. వార్డులకు సరిపడా నీళ్లు కావాలంటే ఇలా నాలుగు విడతలు. చేదడం నాకు కష్టం కాలేదు. ఆగడం కష్టమైంది. సరిగ్గా పడమటి కొండ మీద ఎరుపు దిగే వేళ. ఒళ్లంతా పురుగులు పాకినట్టుండేది. బావి చుట్టూ తిరిగేవాణ్ణి. నర్సమ్మ గట్టు మీద ఒక రాతిపై కూర్చుని, కట్లు కట్టేందుకు ఉతికి ఆరేసిన గాజుగుడ్డను చుట్టలు చుట్టేది. కళ్లు నా మీద ఉండేవి, చేతులు వాటి పని అవి చేసేవి.

"ఇప్పుడెట్లుండాది?" అని అడిగేది.

"మంటగా ఉండాది."

"సరే, తిరుగు."

కొంచెంసేపటికి గులకరాయి ఒకటి తీసి బావిలో వేసి చెవి ఒగ్గేది. ఠంగుమంటే ఇంకా నిండలేదు. గుబుక్కుమంటే, "ఊరినాయి. ఇప్పుడెట్లుండాది?" అని మళ్లీ అడిగేది.

"రోంత తగ్గింది."

"చేదు."

ప్రతి సాయంత్రం ఇంతే. ఒక మెచ్చుకోలు లేదు, ఒక నీతి లేదు. ఒకసారి విసుగెత్తి, "ఇది ఎప్పటికన్నా పోతాదా నర్సమ్మా?" అని అడిగాను. "నాకేం తెల్సప్పా. ఒగ ఊట నిండేదాకా ఓర్సుకో. నేనడిగేది అంతే" అంది. ఇంకోసారి, "నాకోసరం ఇంత ఎందుకు చేస్తాండావు?" అంటే చేతిలో చుట్ట ఆపకుండా, "నీకేం చేస్తి నేను? నీళ్లు చేదేది నువ్వు గదా" అంది. ఆమె ఇంట్లో ఎవరైనా తాగి చచ్చిపోయారేమో, అందుకే ఈ పట్టుదలేమో అని చాలాకాలం ఊహించుకున్నాను. అదీ అడిగాను. "నీకెందుకప్పా" అంది. ఇప్పటికీ తెలియదు.

మూడు నెలలకు ఓనరు మళ్లీ పనిలోకి పిలిచాడు. ఏడాది గడిచింది. అసలు తప్పు అప్పుడు జరిగింది.

నేను ఏడాది తాగకుండా ఉంటే పొట్టేలును ఇస్తానని నా భార్య కొత్తచెరువు దగ్గర తన పుట్టింటి ఊళ్లో మారెమ్మకు మొక్కుకుంది. మొక్కు తీర్చడానికి పోయాము. ఆ ఊళ్లో ఆచారం ఏమిటంటే, అమ్మవారి ముందు సారాయి చెంబు పెడతారు. ఆరగింపు అయ్యాక మొక్కు తీర్చినవాడికి మొదటి గుక్క. తాగుడు మానినందుకు మొక్కు, మొక్కు తీరినందుకు సారాయి. ఇందులో తిరకాసు ఉందని అక్కడున్న నలభై మందిలో ఒక్కరికీ తోచలేదు. నా భార్యకూ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకు తోచింది. తోచనట్టు ఊరుకున్నాను.

"తాగమంటాండామా బావా, తీర్థం గదా. అమ్మది కాదనగూడదు" అని నా భార్య వాళ్ల అన్న చెంబు నోటికి అందించాడు. ఒక్క గుక్క తాగాను. మూడు రోజుల తర్వాత నన్ను బస్సులు ఆగే చోట ఒక బండి కింద వెతికి పట్టుకున్నారు.

తిరిగి వచ్చాక ఆసుపత్రి ముందు నుంచి పోవడానికి మొహం చెల్లక, చుట్టు తిరిగి వెనక దోవన బావి దగ్గరికి పోయాను. నర్సమ్మ గట్టు మీద ఉంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. జరిగింది చెప్పాను. అంతా విని, "మీ అమ్మోరు తాగమనలేదప్పా. తాగమన్నది మీ బావ. తాగింది నువ్వు. ఆయమ్మ మీద ఎయ్యాకు" అంది.

"ఏడాది కష్టం మట్టిలో కలిసిపాయ" అన్నాను. నాకు ఏడుపు వచ్చింది.

ఆమె నా వైపు నిజంగా అర్థం కానట్టు చూసింది. "యాడికి పాయ? ఏడాది నువ్వు చేదిన నీళ్లు రోగులు తాగినారు. బిడ్డలకు పోసినాము. అవేమన్నా ఎనక్కి వస్తాయా?" అని, గులకరాయి తీసి బావిలో వేసింది. "మూడు దినాలుగా నిండే ఉండాది. చేదు."

ఆ మాట నన్ను నిలబెట్టింది. ఇంత సూటిగా రాస్తే ఆమెకు నచ్చదు, అయినా రాస్తున్నాను. ఆ మాట లేకపోతే ఈ పదేళ్లు నాకు లేవు.

మరుసటి ఏడు నా భార్య నన్ను ఊరికి తీసుకుపోలేదు. తనే ఆసుపత్రి బావి నీళ్లు ఇత్తడి చెంబులో పట్టుకుపోయి మారెమ్మ ముందు పెట్టింది. "ఇదేమ్మా, కిరస్తానమోళ్ల బావి నీళ్లు" అని పూజారి గొణిగాడట. "మా ఇంట్లో మొగోడు తాగేది ఇవే సామీ. అమ్మకూ ఇవే" అందట. ఈ కథ చెబితే నర్సమ్మ నవ్వింది. ఆమె గట్టిగా నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత ఆసుపత్రికి బోరు వేశారు, మోటారు పెట్టారు, వార్డు వార్డుకూ పైపులు వచ్చాయి. ఒక్క రాతితొట్టికి మాత్రం రాలేదు. దూరపు ఊళ్ల నుంచి రోగులను తెచ్చే బండ్ల ఎద్దులు నీళ్లు తాగే తొట్టి అది, బావికి పది అడుగుల్లో ఉంటుంది. కాంట్రాక్టరు పైపు మింగేశాడని నేను అతణ్ణి రోజూ తిట్టుకుంటూ ఆ తొట్టి నింపేవాణ్ణి. నర్సమ్మకు తలనెరిసింది, గాజుగుడ్డ చుట్టలు మాత్రం అంతే బిగువుగా ఉండేవి.

మంగళవారం సాయంత్రం ఆమెను ఎద్దులబండి మీద సమాధుల తోటకు తీసుకుపోయాము. ఎండాకాలం నేల. గుంత తవ్వడానికి నలుగురికి పొద్దున్నుంచి పట్టింది. ప్రార్థన జరుగుతుంటే తవ్వినవాళ్లు తోట గోడ వెనక చేరారు. నేను గోడకు ఈవలే ఉన్నాను, కాళ్లు నిలవక అటూ ఇటూ తిరుగుతున్నాను. వాళ్లలో ఒకతను నా మొహం చూసి, నిజంగానే జాలిపడి, గ్లాసు చాపాడు. "రోంత ఏసుకో అన్నా. దుఃఖం దిగుతాది."

పొద్దు మునుగుతోంది. రబ్బరు వాసన. నా చెయ్యి లేచింది. దాన్ని దాచను, లేచింది. ఎట్లుండాదని అడిగే మనిషి పదడుగుల అవతల పెట్టెలో ఉంది.

చెయ్యి దించి బావి వైపు నడిచాను. నడిచానో పరిగెత్తానో తెలియదు. పెట్టెను దించాక అందరూ మూడేసి పిడికిళ్ల మట్టి వేశారట. నేను వెయ్యలేదు. బతికించిన మనిషికి మట్టి కూడా వెయ్యకుండా పోయాడని నా గురించి అనుకున్నారని తర్వాత విన్నాను. నా వంతు కూడా నా భార్యే వేసింది.

బావి దగ్గర ఎవరూ లేరు. గట్టు మీద ఆమె కూర్చునే రాయి నున్నగా ఖాళీగా ఉంది. ఎండలకు బావి అడుగంటింది, నాలుగు బొక్కెనలకే రాయి తగిలింది. తొట్టిలో పోశాను. ఇంతలో ఆమెను దించిన బండి తిరిగి వచ్చింది. ఎద్దులు రెండూ తొట్టిలో మూతులు పెట్టి, ఉన్న నీళ్లు తాగేసి, తలలెత్తి నా వైపు చూశాయి.

ఆసుపత్రి కావలి తాత కర్ర పట్టుకొని వచ్చాడు. "ఉండప్పా, కొళాయి నీళ్లు తెస్తా" అన్నాడు.

"వద్దు తాతా. ఈ తొట్టికి పైపు ఎయ్యని ఆ కాంట్రాక్టరును అనల్ల" అన్నాను, ఏదో ఒకటి తిట్టాలి గనుక.

తాత విచిత్రంగా చూశాడు. "ఆయప్ప ఎయ్యనని యాడన్నాడు? పైపు తెచ్చి ఈడ పెట్టినాడు గదా. నర్సమ్మే వద్దనె. ఆ తొట్టికి నీళ్లు పోసేకి ఒగ మనిషి వస్తాడు, ఆ మనిషికి పని ఉండల్ల అనె. పైపు ఆ గోడపక్కన ఇప్పటికీ ఉండాది, సూడు."

చూశాను. తుప్పు పట్టి ఉంది. ఆ గోడ పక్క నుంచి ఇన్నేళ్లూ రోజూ నడిచాను.

గులకరాయి తీసి బావిలో వేశాను. ఠంగుమంది. బావి చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఎద్దులు తల తిప్పుతూ నన్నే చూస్తున్నాయి. ఇంకొక రాయి వేశాను. ఠంగుమంది. పడమటి ఎరుపు పోయింది, మంట పోలేదు. ఆమె రాతి పక్కన, నేల మీద, మొదటిసారి కూర్చున్నాను. చాలాసేపటికి మూడో రాయి వేసి చెవి ఒగ్గాను. గుబుక్కుమంది. లేచి చేంతాడు విప్పాను. ఎద్దులు తొట్టి దగ్గరికి ఒక అడుగు ముందుకు వేశాయి.