నలభై నిమిషాలు ముందున్న గోడగడియారం

వాచీలు బాగుచేసే ఆయనకు వీధివాళ్లు పెట్టిన పేరు రేపాయన. ఎవరు ఏ వాచీ ఇచ్చినా ఆయన నోట ఒక్కటే మాట: "రేపు రండి." అలాంటి మొగుడిని టైముకి గడప దాటించడానికి వాళ్లావిడ పెళ్లైన కొత్తలోనే ఒక ఉపాయం పన్నింది. ఇంట్లో గోడగడియారాన్ని గుట్టుచప్పుడు కాకుండా నలభై నిమిషాలు ముందుకు తిప్పేసింది. ఊళ్లో వాచీలన్నీ విప్పే పెద్దమనిషి తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా దాన్ని అనుమానించిన పాపాన పోలేదు. అది తలచుకుని ఆవిడ వంటింట్లో ముసిముసిగా నవ్వుకునేది.

పిల్లల కోసం ఇది మూడో ప్రయత్నం. ఈ పద్ధతిలో ఇదే ఆఖరని డాక్టరమ్మ చెప్పేసింది. అండం విడుదలకు ఇంజెక్షను రాత్రి ఎనిమిదింటికి పడాలి. అక్కడికి ముప్ఫై ఆరు గంటలకు, ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి, ఆయన వీర్యాన్ని శుభ్రంచేసి గర్భసంచిలోకి ఎక్కిస్తారు. పక్కింటి నర్సమ్మ వచ్చి, గోడగడియారం ఎనిమిది కొట్టగానే సూది పొడిచి వెళ్లింది.

మూడోనాడు పొద్దున్నే క్లినిక్ మెట్లెక్కుతూ ఆవిడ ఠక్కున ఆగిపోయింది. సూది భయంలో గడియారం సంగతే మరిచిపోయింది! పరుగున వెళ్లి డాక్టరమ్మ దగ్గర బావురుమంది.

"నా పాడు తెలివే నా కొంప ముంచిందమ్మా! ఏడూ ఇరవైకే వేయించేసుకున్నాను."

"నలభై నిమిషాలకు ఏం కాదమ్మా," డాక్టరమ్మ నవ్వింది. "కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు."

గుమ్మంలో నిలబడ్డ ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ నలభై కూడా లేదులెండి. సూది రోజు మధ్యాహ్నమే గడియారం సరిచేసి పెట్టాను."

"మీకు తెలుసా?"

"మొదటి వారమే తెలుసు. నన్ను బోల్తా కొట్టించానని నువ్వు నవ్వుకుంటుంటే బాగుండేది. ఊరుకున్నాను. ఆ రోజు మాత్రం ఊరుకోవాలంటే భయమేసింది."

ఆవిడకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇంతలో ల్యాబు అమ్మాయి చిన్న డబ్బా పట్టుకొచ్చింది. "అన్నయ్యా, ఇది తీసుకుని ఆ గదిలోకి వెళ్లండి. రేపు ఇస్తాననకండేం! నా వాచీ మూడు నెలలుగా మీ దగ్గరే పడుంది." హాలంతా గొల్లుమంది. ఆయన తల వంచుకుని గదిలోకి దూరాడు.

రెండు వారాల తర్వాత ఆవిడ రక్తం తీసుకుని, అదే అమ్మాయి తీరిగ్గా చెప్పింది: "రిపోర్టుకు రేపు రండి."

మర్నాడు క్లినిక్ తలుపులు తీయకముందే ఇద్దరూ మెట్ల మీదున్నారు. బాగుచేసిన వాచీ ఆయన జేబులో ఉంది. ఆ అమ్మాయి మొదట దాన్ని అందుకుని చేతికి పెట్టుకుని, ఆ తర్వాతే కాగితం విప్పింది.

"అక్కా, నిలిచింది."

ఆయన మెట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికి రాగానే ఆవిడ గోడగడియారం వైపు చూపించింది. "మళ్లీ ముందుకు తిప్పండి. పురుటికి నన్ను టైముకి తీసుకెళ్లాల్సింది మీరేగా!"

ఈసారి స్టూలెక్కింది ఆయనే. నలభై కాదు, గంట తిప్పాడు.