చెవిటి సాయిబు కళాయి

మొన్న మా వీధి మొగదల నీళ్ళ మోటారు బాగుచేసే కుర్రాడు కాలుతున్న కడ్డీని ఓ తెల్లటి గడ్డ మీద రుద్దాడు. బుస్సుమని పొగ లేచి, గొంతులోకి ఘాటుగా దిగి, కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. "పక్కకు జరుగు మామ్మా, పొగ" అన్నాడు వాడు. నేనెందుకు జరుగుతాను? అది నవాసారం. ఆ పొగలో పెరిగినదాన్ని నేను. కూరల సంచీ కింద పెట్టి, ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ అక్కడే నిలబడిపోయాను. నరసరావుపేటలో మా ఇంటి ముందరి వేపచెట్టు, దాని కింద నేలలో తవ్విన కొలిమి, కొలిమికి అటు మా నాయన, ఇటు మా మస్తానమ్మత్త, ఒక్కొక్కటే ఆ పొగలోంచి బయటికి వచ్చాయి.

అంతకుముందు మా నాయన ఖాసిం దూదేకేవాడు. పెద్ద విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపుల్లో గట్టిపడిన దూదిని ఏకిపెట్టేవాడు. ఆ నారి చెవి పక్కనే టంగు టంగుమని మోగుతుంటే దూది పింజలు ఇల్లంతా తేలుతూ, గూట్లో దీపం మీద, నా జడల మీద, నాయన మీసాల మీద మెల్లగా వాలేవి. నా ఊహ తెలిశాక నేను చూసిన మొదటి లోకం అదే, అంతా తెల్లగా, మెత్తగా, దగ్గుతూ. ఆ దూదే నాయన రొమ్ములో దిగబడింది. ఇంకా ఏకితే బతకవని వైద్యుడు చెప్పేశాడు. ఏకకపోతే తినేదేంది? సరిగ్గా అప్పుడే నాయన అక్క మస్తానమ్మ, మొగుడు పోయి కారంపూడి నుంచి మా ఇంటికి చేరింది. ఆ మామ ఇత్తడి, రాగి గిన్నెల లోపల తగరపు కళాయి పూసేవాడు. అత్త వెంట తెచ్చుకున్న ఆస్తల్లా మేకతోలు తిత్తి, ఓ పట్టకారు, నోటినిండా వక్కాకు.

"పని చూశానేగాని చెయ్యలా. చేతులు నీవి, కళ్ళు నావి. ఏమంటావురా?" అంది. మా నాయన ఏమంటాడు? తల్లిలేని నన్ను చంకనేసుకుని ఎటూ తోచక కూర్చున్న మనిషి. మర్నాడే చెట్టు కింద గుంట తవ్వాడు.

మొదట్లో అయిన భాగోతం చెప్పకూడదు గాని చెప్తాను. మా ఇంట్లో ఉన్న నాలుగు గిన్నెల్లో రెంటికి చిల్లులు పడ్డాయి. ఓ చెంబు చుట్టపక్కాలకు చూపించలేనంత నల్లగా మాడింది. వీధిలో వాళ్ళు వచ్చి చూసి మూతులు తిప్పుకుంటూ పోయేవాళ్ళు. అత్త మాత్రం "ఎసరు పెట్టుకునేదానికి చట్టి ఉందిగా, ఇంకోటి కాల్చు" అనేది. కాల్చగా కాల్చగా ఓ పొద్దున పని కుదిరింది. గిన్నెను ఇసకతో, చింతపండుతో తోమి, ఎర్రటి బొగ్గుల మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం కడ్డీ ఒక్కటంటే ఒక్క గీత గీసి, దూదితో చర్రున చుట్టూ తుడిచేసరికి, లోపల వెన్నెల పోసినట్టు వెలుగు పాకింది. అత్త అందులో మొహం చూసుకుని "ఒరేయ్, నేనింకా బాగానే ఉన్నానురా" అంది. నాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఇంకేం, పేరు పాకింది. ఇళ్ళ లోపలికి వెళ్ళి, ఆడవాళ్ళతో ముచ్చట్లాడి, గిన్నెలు మోసుకొచ్చేది అత్త. పూసేది నాయన. కోటప్పకొండ తిరనాళ్ళకు ప్రభలు కట్టే రోజుల్లో, ఎండ ఇంకా ముదరకముందు, చెట్టు కింద గుండిగలూ గంగాళాలూ గుట్టపడేవి. పెద్ద గంగాళంలో అత్త ఇసకా గోనెపట్టా వేసి, కొమ్మ పట్టుకుని, అందులో నిలబడి నడుము తిప్పుతూ పాదాలతో తోమేది. నేనూ దూరి ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని తిరిగేదాన్ని, గిర్రుగిర్రున, ఆకాశమూ వేపకొమ్మలూ కలిసిపోయేదాకా. పీర్ల పండక్కి అత్త రొట్టెల్లో బెల్లమూ నెయ్యీ పోసి పిసికి మలీదా చేసేది. గచ్చకాయలాట మధ్యలో పరుగెత్తుకొచ్చి ఆ ముద్ద నోట్లో వేసుకుంటే వేళ్ళకంటిన నెయ్యికి బొగ్గుమసి కలిసేది. ఆ రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదు, నేను వెతక్కా కాదు.

మంచి తగరానికో గుణం ఉంది. కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే కిర్రుమని సన్నగా ఏడుస్తుంది. సీసం కలిపితే నోరు మూసుకుని వంగుతుంది. సీసం కళాయి మీద పులుసు కాస్తే అది విషమే. అందుకని కొత్త కడ్డీ ఏదొచ్చినా అత్త వంచి, కళ్ళు మూసుకుని వినేది. ఆ తర్వాత నాయన చేతికిచ్చేది. తనూ చెవి దగ్గర వంచి "ఆఁ, ఏడ్చింది" అనేవాడు. నాకూ పట్టేది. దూరదేశాల తగరం కదా, నిజంగా ఇంటిమీద బెంగతో ఏడుస్తుందనుకునేదాన్ని.

యుద్ధం వచ్చి తగరం దొరకడం గగనమైంది. ఆ కరువులోనే నకరికల్లు మోతుబరి ఇంటి పెళ్ళికి వంటపాత్రలన్నీ మాకే వచ్చాయి. అంతటి పని మాకు అదే మొదలు. అది నెగ్గితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ మావే. అత్త, కారంపూడిలో తన అత్తగారు పోయిందని వెళ్ళింది. ఆమె లేని రోజుల్లో, ఎవరో ఊరుగాని ఊరి బేరగాడు కడ్డీలు తెచ్చాడు. నాయన ఒకటి చెవి దగ్గర వంచాడు. నేను పక్కనే ఉన్నాను. నాకేమీ వినపడలేదు. నాయన తలూపి "ఆఁ, ఏడ్చింది" అన్నాడు. నాయనంతటివాడు అన్నాక నేనేంది, నా చెవులేంది అనుకుని గచ్చకాయలు ఏరుకుంటూ కూర్చున్నాను. అప్పుడు ఒక్క మాట అననందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పాత్రలు బండెక్కి వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్నే అత్త వచ్చింది. మిగిలిన కడ్డీ ముక్క తీసుకుని వంచింది. మళ్ళీ వంచింది.

"ఒరేయ్ ఖాసిమా, ఇది ఏడవలా."

నాయన తిత్తి పక్కన కూలబడి, నేల చూస్తూ చెప్పాడు. "నాకు ఏదీ ఏడవదక్కా. విల్లు కొట్టీకొట్టీ చెవులు ఎప్పుడో పోయినై. ఎదురుగా మాట్లాడితే మూతి చూసి తెలుసుకుంటా. నువ్వు వంచినప్పుడు నీ మొహం చూసేవోణ్ణి."

అత్త నాయన గడ్డం పట్టి మొహం తనవైపు తిప్పుకుంది. "ఎందుకు చెప్పలేదురా?"

"చేతులు నావి అన్నావు. చెవులు గూడా లేవంటే, ఈడితో ఏం పనని పోతావేమోనని."

"ఓరి నీ ఇల్లు బంగారం గాను!" అత్త వక్కాకు ఉమ్మేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీ చెవుల్ని చూసి వచ్చానంట్రా నేను? లే, బండి కట్టించు."

ఆ ప్రయాణమంతా నాకు కలలా గుర్తు. తెల్లటి దుమ్ము, జొన్నచేలు, ఎద్దుల మెడలో గంటలు. పొద్దువాలేసరికి నకరికల్లు చేరాం. తాటాకు పందిరి, నేతి వాసన, వరసగా బోర్లించిన మా పాత్రలు. రేపే పెళ్ళి. అత్త నోరు తెరవబోతే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయ్యా, ఈ కళాయిలో సీసం కలిసింది. వీటిలో వండొద్దు. నాకు చెవుడు. చెవుడని దాచిపెట్టి ఈ పని ఒప్పుకున్నా. తప్పు నాది."

పందిట్లో అంతమంది ముందు ఆ మాట అన్నాడు మా నాయన. మోతుబరి అంతెత్తున లేచాడు. "పెళ్ళి నెత్తిన పెట్టుకుని ఇప్పుడా చెప్పేది!" నేను అత్త చీరలో దూరిపోయాను. అప్పుడు లోపల్నించి ఆయన తల్లి, నడుం వంగిన ముసలమ్మ, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "చెప్పకపోతే ఏం చేసేవాడివిరా? తిని మంచాన పడుండేవాళ్ళం. కుమ్మరిని పిలువు" అంది. మర్నాడు పులుసులన్నీ కొత్త మట్టికుండల్లో కాగాయి. మేం మాత్రం ఆ తెల్లవారుజామునే వచ్చేశాం.

ఆ తర్వాత మా చెట్టు కిందికి గిన్నె రాలేదు. కొలిమి గుంటలో వేపాకులు నిండాయి, పిల్లలం అందులో దాక్కుని ఆడుకున్నాం. నాయన మళ్ళీ విల్లు దించబోతే అత్త లాక్కుని అటక మీద పడేసింది. కారు వానలు వెనకపట్టాక ఓ రోజు నకరికల్లు నుంచి బండి వచ్చింది. ఊరందరి పాత్రలూ అందులో ఉన్నాయి. ముసలమ్మ పంపింది. "ఆ చెవిటి సాయిబుకే ఇవ్వండి, వాడైతే తప్పు చేసినా చెప్తాడు" అందట. ఆ మాట ముప్పాళ్ళ దాకా పోయింది. ఒక కొలిమి మూడైంది. అప్పట్నించి నాయన ఏ ఇంటికెళ్ళినా గడపలోనే "నాకు చెవుడమ్మా, నా ఎదురుగా నిలబడి చెప్పండి" అనేవాడు. ప్రాణం పోయినా బయటపెట్టకూడదని దాచుకున్న మాటే చివరికి మా కొలిమికి పేరైంది.

స్టీలు వచ్చింది, కళాయి పోయింది. కొలిమి ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం. అత్తా లేదు, నాయనా లేడు. చానా ఏళ్ళు, పెళ్ళిళ్ళలోనో బస్సులోనో ఎవరో ముసలివాళ్ళు నా మొహంకేసి చూసి "నువ్వు చెవిటి సాయిబు కూతురివి కదుటే?" అని అడిగేవాళ్ళు. చిన్నప్పుడు ఆ మాటకు తలెత్తుకోలేకపోయేదాన్ని. పెద్దయ్యాక, అడుగుతారేమోనని నేనే వాళ్ళ ఎదురుగా వెళ్ళి నిలబడేదాన్ని. ఇప్పుడు నిలబడినా అడిగేవాళ్ళు ఎవరూ లేరు.