బోణీ కాకముందు

ప్రొద్దుటూరులో నేను గుమాస్తాగా ఉన్న బట్టలంగడి మెట్ల మీద ఒక చలికాలమంతా ఒక అవ్వ పడుకునేది. ఆమెది జమ్మలమడుగు వైపు. ఒక్కగానొక్క కొడుకు పోయాక బాడుగిల్లు ఖాళీ చేయించారట. మెట్లు కడిగే వేళకు లేచిపోతేనే పడుకోనిస్తానని మా సావుకారి షరతు పెట్టాడు. ఒక్కరోజు తప్పినా మళ్ళీ రానివ్వనన్నాడు. గాలి తగలని చోటు ఆమెకు ఊళ్ళో అదొక్కటే.

మెట్లు కడిగేది నేనే. బట్టల బేళ్ళకు చుట్టి వచ్చే గోనెపట్టాలు కప్పుకోమని ఆమెకిచ్చిందీ నేనే. ఏదో పెద్ద దానకర్ణుణ్ణైనట్టు ఆ రోజు మురిసిపోయాను కూడా.

ఆ పొద్దున మంచు దట్టంగా పట్టింది. మెట్ల మీద గోనెపట్టాల కుప్ప కనిపించింది. అవ్వ లేచిపోయి పట్టాలు వదిలేసిందనుకున్నాను. అసలే ఆలస్యమైందని చిరాకులో ఉన్నాను, బకెట్టెత్తి నీళ్ళు విసిరి కొట్టాను. కుప్ప కదిలింది.

ఆమె నన్ను తిట్టిపోసి ఉంటే బాగుండేది. తడిసి ముద్దై, గడగడ వణుకుతూ లేచి కూర్చుంది.

"నాదే తప్పు నాయనా, ఈ పొద్దు లేయలేకపోతి. మీ సావుకారి ఆయప్పతో చెప్పాకు" అంది.

లోపల కప్పు దాకా రగ్గులూ దుప్పట్లే. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. కానీ బోణీ కాకముందు అంగడిలోంచి నూలుపోగైనా ఊరికే ఇవ్వకూడదు. నాకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు, అన్నేళ్ళ కొలువులో ఒంటబట్టిపోయింది.

"బోణీ కానీ అవ్వా, దుప్పటిస్తా. అంతదాకా ఆడ కూర్చో" అని ఎదురుగా ఉన్న టీ అంగడి చూపించాను.

సావుకారి వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. పది దాటినా ఒక్క బేరం రాలేదు. గడపలో నిలబడి దారిన పోయేవాళ్ళ మొహాలు చూస్తూ ఉన్నాను. రోడ్డుకు అవతల ఆమె వణుకు ఆగిపోవడం చూసి, ఒళ్ళు వెచ్చబడిందనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

పదకొండుకు వేంపల్లె వాళ్ళు పెళ్ళిబట్టలకొచ్చి బోణీ చేశారు. దుప్పటి తీసుకుని పరుగెత్తాను. టీ అంగడాయన అప్పటికే ఆమెను ఆటోలో పడుకోబెడుతున్నాడు. కప్పాను. కళ్ళు తెరవలేదు. ఆసుపత్రిలో మూడోరోజు పోయిందని ఆయనే చెప్పాడు.

దుప్పటి కప్పిన రోజు రాత్రే, చొక్కా విప్పుతుంటే పొద్దున్నించీ జేబులోనే ఉన్న జీతం డబ్బులు చేతికి తగిలాయి. దుప్పటి నేనే కొని ఉంటే, అదే బోణీ అయ్యేది.