గోడ అవతలి ఆట

మా వరసలో వీడియో గేమ్ కొట్టు పెట్టిన రోజే మా అమ్మ తీర్పు చెప్పేసింది. "ఒలే, ఆడగుంటవి, ఆ కొట్టు గుమ్మం తొక్కావంటే కాళ్లు ఇరగ్గొడతాను!" ఖిదిర్‌పూర్ డాకులో, అంటే ఓడల రేవులో, పనిచేసే కూలీల వరస ఇళ్లలో మాది చివరి గది. కొట్టుకీ మాకూ నడుమ ఒంటి ఇటుక గోడ ఒక్కటే అడ్డం. గుమ్మం తొక్కలేదు. గోడకి చెవి మాత్రం పెట్టాను. దానికి అమ్మ శిక్షేమీ చెప్పలేదు కదా.

మెషీన్ సరిగ్గా ఆ గోడకే ఆనించి ఉండేది. నాణెం పడిన చప్పుడు, ఆ వెంటనే చిన్న పాట, తర్వాత కాల్పులు. ఆడుతున్నది ఎవరో మోతని బట్టి చెప్పేసేదాన్ని. కంగారు మనుషులు మీట అదేపనిగా నొక్కేస్తారు. మా అన్నయ్య అలా కాదు. మూడు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్లీ మూడు. లోడ్‌షెడ్డింగ్ వస్తే ఆట నడిమధ్యలో గుటుక్కుమనేది. అవతల కుర్రాళ్లంతా ఒక్కసారి అరిచేవాళ్లు, ఇవతల నేనూ అరిచేదాన్ని. "నీకేటే బాధ?" అనేది అమ్మ, చీకట్లో కిరసనాయిలు దీపం వెతుక్కుంటూ. బంద్ రోజున కొట్టు తెరవకపోతే నాకు అన్నం సయించేది కాదు.

అన్నయ్యది మాట పొదుపు. "ఆటలో ఏటుంటాదన్నియ్యా?" అని ప్రాణం తీస్తే, "విమానం. పైనుంచి దిగుతారు. కాల్సీడమే" అనేవాడు. ఆ మూడు ముక్కలకి మిగతాదంతా నేనే కల్పించుకున్నాను. ఎర్ర విమానం, నీలం ఆకాశం, కింద మా హుగ్లీ నది, నది నిండా ఓడలు. ఒకరోజు గెలిచిన పాట వినబడ్డాక గోడ మీద వేలి కణుపులతో రెండు దెబ్బలు పడ్డాయి. ఠక్, ఠక్. నేనూ తిరిగి రెండు కొట్టాను. అప్పట్నుంచి అన్నయ్య గెలిచినప్పుడల్లా మెషీన్ వెనక్కి చెయ్యి పోనిచ్చి గోడ కొట్టేవాడు. ఇంటికొచ్చాక ఆ సంగతి తనూ ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. పైకి అంటే పోతుందేమోనని నా భయం.

ఏడాదికొక్కసారి, విశ్వకర్మ పూజనాడు మాత్రం నాకు ఆ కొట్లోకి ప్రవేశం. ఆరోజు అమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది, దేవుడి దగ్గరికి కదా మరి. కొట్టు నడిపే బెంగాలీ దాదా గుమ్మంలో నిలబడి "ఎశో, ఎశో" అని పిలిచి బూందీ ప్రసాదం చేతిలో పోసేవాడు. మెషీన్‌కి బంతిపూల దండ, సిందూరం బొట్టు. తెర మాత్రం నల్లగా ఉండేది. పూజనాడు యంత్రం నడపకూడదు. "ఆజ్ మెషినేర్ ఛుటీ" అని నవ్వేవాడు దాదా, ఇవాళ దానికీ సెలవేనంటూ. నేను రాగలిగిన రోజున అది ఆడదు, అది ఆడే రోజున నేను రాలేను. ఎంత ఉక్రోషం వచ్చేదో! నల్ల తెరలో నా మొహం చూసుకుని, బూందీ నములుతూ ఇంటికొచ్చేసేదాన్ని.

కొన్నేళ్లకి ఆ కొట్టు మూతపడింది. అమ్మ పోయింది. అన్నయ్య డాకులోనే ఎలక్ట్రీషియన్ అయ్యాడు. నేను పెళ్లయి, ఎక్కడెక్కడో తిరిగి, న్యూ టౌన్‌లో ఏడో అంతస్తులో తేలాను. ఒకే ఊళ్లో ఉన్నా ఫోన్లోనే పలకరింపులు. "బాగున్నావేటి? బావ బాగున్నాడేటి?" ఆ తర్వాత ఇద్దరికీ మాటలు దొరకవు. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చేది.

డాకు పక్క గోదాములో అలాంటి పాత మెషీనొకటి పడుందని అన్నయ్య ఓసారి మాటవరసకి అన్నాడు. "నాకు కావాలి" అన్నాను. "పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమందట నీలాటిదే" అన్నాడు. మా ఆయన "ఇల్లు ఇరకటం..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి, సామెత రెండో సగం మింగేశారు. నాకు కావలసింది ఆట కాదు. గోడ మీద ఆ రెండు దెబ్బలు అన్నయ్యకి గుర్తున్నాయో లేవో తెలియాలి. నోరు తెరిచి అడగలేను. గుర్తు లేదంటే ఏం చెయ్యను?

ఆదివారం పొద్దున్నే అన్నయ్యే దాన్ని చిన్న లారీలో వేయించుకొచ్చాడు. లిఫ్టులో పట్టలేదు. కూలీలు మమ్మల్ని తిట్టుకుంటూ మెట్ల మీదుగా మోశారు. ఎక్కడ పెట్టాలన్న దగ్గర అన్నాచెల్లెళ్లకి పేచీ.

"ప్లగ్గు అటుంటే ఇటెందుకే?"

"పడగ్గది గోడకే ఉండాల."

"ఎందుకేటి?"

"నా ఇల్లు, నా ఇష్టం."

గొణుక్కుంటూ వైరు పొడిగించాడు. వెనక చెక్క ఊడదీసి, బొద్దింకల్ని దులిపి, బోర్డు తుడిచి, చిరిగిపోయిన స్పీకరు మార్చి, మధ్యాహ్నం భోజనాలయ్యాక స్విచ్ వేశాడు. తెర కాసేపు వణికి నిలబడింది.

ముందు నన్నే ఆడమన్నాడు. ఎర్ర విమానం లేదు. నీలం ఆకాశం లేదు, నది అంతకన్నా లేదు. నల్లటి తెర మీద చీమల్లాంటి తెల్లబొమ్మలు, అడుగున గోరంత విమానం. "ఇంతేనేటన్నియ్యా?" అన్నాను. "మరేటనుకున్నావు?" అన్నాడు. చూస్తుండగానే ఓడిపోయాను.

"నువ్వాడు" అని, మంచినీళ్ల వంక పెట్టి పడగ్గదిలోకెళ్లి తలుపు వేసుకున్నాను. మంచం అంచున కూర్చుని గోడకి చెవి ఆనించాను. మూడు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్లీ మూడు. అమ్మా, అదే చెయ్యి! మనిషి లావయ్యాడు, జుట్టు నెరిసింది, చెయ్యి మాత్రం ఆ కుర్రాడిదే. కళ్లు మూసుకోగానే ఎర్ర విమానం వచ్చేసింది, కింద నదితో సహా. గెలిచిన పాట మోగింది. గోడ మీద అరచెయ్యి పెట్టి ఎదురుచూశాను. మళ్లీ కాల్పులు మొదలయ్యాయి. మళ్లీ గెలిచాడు. పాట అయిపోయింది. గోడ మీద ఏ చప్పుడూ లేదు.

ఇక ఉండబట్టలేక నేనే కొట్టాను. ఠక్, ఠక్.

అవతల కాల్పులు ఆగిపోయాయి.

"ఒలే చెల్లీ," అని కేకేశాడు అన్నయ్య, "ఎవులో తలుపు కొడతన్నారు, సూడు."

లేచి వెళ్లి వీధి తలుపు తీశాను. ఖాళీ వరండాలోకి కాసేపు చూసి, మళ్లీ గడియ వేశాను.

"ఎవులే?" అన్నాడు తెర మీంచి కన్ను తిప్పకుండా.

"ఎవులూ నేరన్నియ్యా. నువ్వాడు."