అన్నిటికన్నా చిన్నదైపోయిన పెళ్లి

మా ద్వీపంలో, డెలానీపూర్ పేటలో మా వీడియో షాపు అగ్గిపెట్టెకన్నా రవ్వంత పెద్దది. మా బావ పొట్ట లోపలికొస్తే గాలి బయటికి పోవాలి. ద్వీపంలోని తెలుగు పెళ్లిళ్లన్నీ అక్కడ ఒకే హార్డ్‌డిస్కులో ఉమ్మడి కాపురం చేసేవి. ఆ డిస్కు నిండిపోయింది. కొత్తది ఓడలో రావాలి. సముద్రం చూస్తే ఓడను మింగి త్రేన్చే ఊపుమీదుంది.

అందుకని డిస్కులో పడే ప్రతి ఫైలునూ ఫైల్ సిస్టమే కుదించేలా ఏర్పాటు చేద్దామనుకున్నాం. ఏ పద్ధతిలో అన్నదే తగువు. బావది ఎల్‌జెడ్‌ఫోర్. ఓడ కూత విన్నాక సంచిలో బట్టలు కుక్కేవాడి వేగం దానిది. సంచి మాత్రం ఉబ్బే ఉంటుంది. నాది జెడ్‌స్టాండర్డ్. మా అత్తగారిలా మడతపెట్టి, పైన కూర్చుని మరీ మూత వేస్తుంది. పెళ్లిళ్లను ఒక్కొక్కటే నొక్కి చూశాం. రెండూ సమానంగా ఓడిపోయాయి. వీడియో అంటే కెమెరాలోనే పిండేసిన చెరకు. మళ్లీ పిండితే మిషను వేడెక్కడమే.

అప్పుడొచ్చిందామె. చేపల వేటకెళ్లిన భర్త బోటు తిరిగి రాలేదు.

"భయ్యా, మా పెళ్లిలో గుమ్మంకాడ ఆయన సేత నా పేరు సెప్పించినారు కదా, అదొక్కపాలి ఇనిపించు. తరవాతెప్పుడూ పేరెట్టి పిలవనేదు. 'ఏయ్' అనీవోడు."

మేం పెళ్లివారికిచ్చే కాపీలో ఆ మాట ఉండదు. మనుషుల మాటల మీద సినిమా పాట పరచడం మా వృత్తిధర్మం. అసలు గొంతు కత్తెర పడని ఫైల్లో, ఆ డిస్కులోనే ఉండాలి.

"బైఠో దీదీ," అని ఆమెను కూర్చోబెట్టి, బావ ఆ ఫైలునే పందేనికి దింపాడు. కొండంత ఫైలు ఆవగింజయింది.

"సూసినావేట్రా బామ్మర్దీ! నా ఎల్‌జెడ్‌ఫోర్ దెబ్బ!"

"ఆగు బావా, నాది ఇంకా సిన్నది సేసింది!"

హార్బర్లో లంగరేసిన ఓడలు ఉలిక్కిపడేలా అరుచుకున్నాం. మా సంబరం చూసి ఆమె కూడా నవ్వింది.

"దొరికినాడా భయ్యా?"

ఫైలు తెరిచాను. నలుపు. బొమ్మా లేదు, మాటా లేదు. డిస్కులోకి ఎక్కిస్తుండగా కరెంటు పోయినట్టుంది. చోటైతే పట్టింది, లోపలన్నీ సున్నాలే. ఏమీ లేనిదాన్ని కుదించడంలో ఏ పద్ధతైనా మహావీరుడే. ఇక కెమెరా కార్డు మీద ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లు ఎక్కి దిగాయో!

సంగతి చెప్పినా ఆమె లేవలేదు. కొంగుముడిలోంచి పెన్‌డ్రైవ్ తీసి, పాటలున్న కాపీయే వేయమంది. గుమ్మం, హారతి పళ్లెం, దారి కట్టేసిన ఆడపడుచులు. పెళ్లికొడుకు సిగ్గుపడి పెదాలు కదిపాడు. సినిమా గాయని గొంతు చించుకుంది.

"పాట ఆపు భయ్యా."

శబ్దం తీసేసి, బొమ్మను అక్కడికి వెనక్కి తిప్పాను. ఫ్యాను చప్పుడు మిగిలింది. ఆమె తన పేరును తనే, ఆ పెదాల కదలికకు సరిపోయేలా మెల్లగా పలికింది. కాస్త ముందే అనేసింది. మళ్లీ వెనక్కి తిప్పమంది. మళ్లీ పలికింది.

బావకు జాలి పొంగుకొచ్చింది.

"దీదీ, ఈ పాట పాతదైపోనాది. కొత్తది ఏసిస్తాను, పైసలేటీ వద్దులే."